గొయ్యి పూడ్చారు సరే, నీళ్లు తాగొచ్చా?

మా పట్టణ మున్సిపల్ కమిషనర్ గారికి, నీటి సరఫరా చూసే ఇంజనీర్లకు, ఫిట్టర్లకు, వాల్వులు తిప్పే తమ్ముళ్లకు,

నమస్కారం.

నేను హైస్కూల్లో 31 ఏళ్లు సైన్సు చెప్పి రిటైరయినదాన్ని. మా వీధిలో ఇప్పటికీ టీచర్ గారనే పిలుస్తారు. ఎవరి మీదా ఫిర్యాదు పెట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు. మీరు పని చేశారు, నేను కళ్లారా చూశాను. కానీ ఆ పని చివర్లో ఒక ముక్క మిగిలిపోయింది. దాని గురించి అడుగుదామని.

గత నెలలో మా వీధి మొదట్లో, రామాలయం పక్కన, ఇంటర్నెట్ కేబుల్ కోసం తవ్వుతున్న జేసీబీ మంచినీళ్ల మెయిన్ పైపును పగలగొట్టింది. పొద్దున్న ఆరున్నర, సరిగ్గా నీళ్లు వదిలే టైము. కొబ్బరిచెట్టు మొవ్వ తడిసేంత ఎత్తుకి చిమ్మాయి. పావుగంటలో మీవాళ్లు వచ్చి వాల్వు కట్టేశారు. చిమ్మడం ఆగాక నేను గోతిలోకి తొంగిచూశాను. జేసీబీ పన్ను సైడు కాలువ గోడను కూడా లేపేసింది. కాలువలోని నల్లటి నీళ్లు మెల్లగా గోతిలోకి, అక్కణ్నించి పగిలిన పైపు నోట్లోకి పోతున్నాయి. ఆ నీళ్ల మీద ఒక షాంపూ ప్యాకెట్టు తేలుకుంటూ వచ్చి పైపు అంచున తట్టుకుని కాసేపు ఊగింది. చూస్తుండగానే లోపలికి వెళ్లిపోయింది. ఆ ప్యాకెట్టు ఇప్పటికీ నా కళ్ల ముందు కదులుతూనే ఉంది.

రెండు రోజులు ట్యాంకరు నీళ్లు. మూడో రోజు రాత్రి పదకొండు దాటాక మీ ఫిట్టరు గుండెల్లోతు బురదలో దిగి, చేతులకి గ్లవుసులు కూడా లేకుండా, కొత్త పైపు ముక్క బిగించాడు. పైకి వచ్చాక టీ ఇస్తే, ముందు చేతులు కడుక్కుంటానమ్మా, కాసిని నీళ్లు పొయ్యండి అన్నాడు. ఇంట్లో ఉన్నవి కొనుక్కున్న టిన్ను నీళ్లే. అవే పోశాను.

తెల్లారి ఆరున్నరకి కుళాయి బుస్సుమని గాలి కొట్టి, ఎర్రటి నీళ్లు వదిలి, పది నిమిషాలకు తేటపడింది. వీధంతా పండగే. మూడు రోజుల బట్టలు, అంట్లు, స్నానాలు. తాగే బిందెలూ ఆ నీళ్లతోనే నిండాయి. "తేటగా వస్తున్నాయిగా టీచర్ గారూ, ఇంకా ఏంటి మీ అనుమానం?" అంది ఎదురింటి ఆవిడ. ఆవిడ తప్పు లేదు. ఆ నీళ్లు తాగొద్దని గానీ, కాచుకుని తాగమని గానీ, ఇక ఫరవాలేదని గానీ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు.

మా తమ్ముడికి ఊరి బయట వనామీ రొయ్యల చెరువులున్నాయి. సీడు వదిలే ముందు చెరువు నీళ్లకు బ్లీచింగ్ కొట్టి, ఆ క్లోరిన్ పూర్తిగా పోయిందో లేదో చూసుకోవడానికి చిన్న టెస్టు కిట్టు వాడతారు. ఆక్వా మందుల షాపుల్లో దొరుకుతుంది. ఆ రోజు వాణ్ని అడిగి తెప్పించాను. చిన్న గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి నాలుగైదు చుక్కల మందు వేస్తే, క్లోరిన్ ఉన్నకొద్దీ నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. మా కుళాయి నీళ్లు పట్టి చూశాను. తిరగలేదు. మందు పాతదేమోనని, కాస్త బ్లీచింగ్ కలిపిన నీళ్లతో చూస్తే పసుపు బ్రహ్మాండంగా వచ్చింది. మళ్లీ కుళాయి నీళ్లు పట్టాను. గాజు గొట్టం తెల్లగానే ఉంది. రొయ్యపిల్లని వదలడానికి ముందు చేసే పరీక్ష, మనుషులకి నీళ్లు వదిలే ముందు మా వీధి కొసన ఎవరూ చేసినట్టు లేదు.

మీకు తెలియనిది కాదు గానీ, చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. మన దేశంలో తాగునీటికి ఐఎస్ 10500 అనే ప్రమాణం ఉంది. కుళాయి దగ్గరికి చేరేసరికి లీటరు నీళ్లలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని, వైరస్‌ల భయం ఉన్నచోట కనీసం 0.5 ఉండాలని అందులో ఉంది. 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై అనే బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదు. ఈ-కోలై ఉందంటే ఆ నీళ్లలో మలం కలిసినట్టు లెక్క. అందుకే అంత పట్టుదల. ఆ మిగులు క్లోరిన్ దారిలో ఏదైనా మురికి తగిలితే దానితో పోరాడి ఖర్చయిపోతుంది. ప్లాంటు దగ్గర క్లోరిన్ కలిపారు కదా అంటే చాలదు. మా కుళాయి దగ్గర సున్నా వచ్చిందంటే మధ్యలో దాన్ని ఏదో తినేసి ఉండాలి.

ఇక మా ఇంటి సంగతి. నా మనవడికి ఎనిమిది నెలలు. వాడికి కాచి చల్లార్చిన నీళ్లే పట్టాను. రాగిజావ కూడా కాచిన నీళ్లతోనే. అయితే మధ్యాహ్నం సపోటా పెట్టేటప్పుడు ఆ పండునీ, గిన్నెనీ, చెంచానీ కుళాయి కింద కడిగాను. చేతులు వాటంతట అవే వెళ్లిపోయాయి. 31 ఏళ్లు పిల్లలకి కలరా పాఠం చెప్పినదాన్ని. నాలుగో రోజుకి వాడికి విరేచనాలు. పళ్లు వస్తున్నాయి, మామూలే అన్నారు అందరూ. డాక్టరు గారు మాత్రం ఓఆర్ఎస్ పట్టమని, జింకు 14 రోజులు ఆపకుండా వెయ్యమని రాశారు. మూడు రోజులకు తేరుకున్నాడు. అదే వారంలో మా వీధిలో ఇంకో నాలుగిళ్లలో పిల్లలకూ పెద్దలకూ ఇదే గొడవ. నీళ్ల వల్లే వచ్చిందని నేను రుజువు చెయ్యలేను. కాదని మీరూ రుజువు చెయ్యలేరు. ఆ రోజు మా వీధి నీళ్లను ల్యాబుకి పంపినవాళ్లు లేరు గనుక.

ఇది చిన్న విషయమని మీరు అనుకోరని నా నమ్మకం. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మంచినీళ్లలో మురుగు కలిసి పలువురు చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరులో అతిసారంతో పది మందికి పైగా పోయారు. అక్కడా వేళ్లన్నీ తాగునీటి పైపుల్లో కలిసిన మురుగు వైపే చూపించాయి. మొన్న 2025 డిసెంబరు ఆఖర్లో ఇండోర్‌లోని భాగీరథ్‌పురాలో కూడా అదే జరిగింది. దేశంలోకెల్లా శుభ్రమైన నగరమని ఏటేటా బహుమతులు తెచ్చుకున్న ఊరది. రోడ్డు మీద చెత్త లేకపోవడం వేరు, రోడ్డు కింద పైపు బాగుండటం వేరు.

పైగా నీళ్ల జబ్బులన్నీ వెంటనే బయటపడవు. వాంతులు, విరేచనాలు గంటల్లోనో రోజుల్లోనో వస్తాయి. టైఫాయిడ్‌కి వారం నుంచి మూడు వారాలు పట్టొచ్చు. నీళ్ల వల్ల వచ్చే పచ్చకామెర్లయితే రెండు వారాల నుంచి రెండు నెలల దాకా. అప్పటికి గోతి మీద తారు కూడా ఆరిపోయి ఉంటుంది. నెలన్నర తర్వాత కళ్లు పచ్చబడిన మనిషికి ఫలానా రోజు పగిలిన పైపు గుర్తుకు రాదు. ఆకుపసరు కోసం పరిగెత్తుతాడు. ఆ జబ్బు గర్భిణికి వస్తే, అందులోనూ హెపటైటిస్-ఈ అయితే, ప్రాణం మీదికి వస్తుంది.

పైపు పగిలితే మురుగు లోపలికి ఎలా వస్తుందని మా వీధిలో చాలామంది అడిగారు. వాళ్లకి చెప్పిందే ఇక్కడా చెబుతాను. పైపు నిండా నీళ్లు ఒత్తిడితో పరిగెడుతుంటే, చిల్లు ఉన్నా నీళ్లు బయటికే పోతాయి. వాల్వు కట్టగానే లోపల ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు చుట్టూ ఏముంటే దాన్ని అదే చిల్లు లోపలికి పీల్చుకుంటుంది. చిల్లు బిందె నిండుగా ఉంటే కారుతుంది, అదే ఖాళీ బిందెను బురదగుంటలో పెడితే బురద లోపలికొస్తుంది. మనకు 24 గంటలూ నీళ్లుండవు, రోజుకి రెండు పూటలు వదిలి ఆపేస్తారు. అంటే మన పైపులు రోజూ ఖాళీ అవుతూనే ఉంటాయి. సగం ఇళ్ల కనెక్షను పైపులు సైడు కాలువ నీళ్లలో మునిగే వెళుతున్నాయి. తుప్పు పట్టిన జీఐ పైపు, దానికి చుట్టిన సైకిలు ట్యూబు ముక్క, పైన పారే మురుగు. నమ్మకపోతే మా వీధికి రండి, నేనే చూపిస్తాను.

ఇందులో మా తప్పూ ఉంది, దాచను. నీళ్లు వదిలే టైముకి కుళాయి లైనుకే మోటారు తగిలించి లాగుతాం. మొదటింటాయన లాగితే చివరింటికి చుక్క రాదు. ఆయన్ని చూసి వీళ్లూ మోటారు కొంటారు. మోటారు నీళ్లొక్కటే లాగదు, కాలువలో మునిగిన అతుకుల దగ్గర మురుగునీ లాగుతుంది. మా ఇంట్లోనూ ఆరేళ్లు ఆ మోటారు ఉంది. మనవడు కోలుకున్న మర్నాడు తీసి పక్కన పెట్టించాను. ఇప్పుడు సంపులోకి సన్నటి ధారే వస్తోంది, నిండటానికి గంట పడుతోంది. పడనీ.

ఇంట్లో ఏం చెయ్యాలో కూడా రాస్తాను. మీ ఆఫీసు నుంచి రావలసిన కబురు ఇదే గనుక, కావాలంటే దీన్నే అచ్చు వేయించి పంచండి, నాకేం అభ్యంతరం లేదు.

పైపు పగిలిందని తెలియగానే సంపుకి వెళ్లే గేటు వాల్వు కట్టెయ్యాలి. సరఫరా మళ్లీ మొదలయ్యాక వచ్చే ఎర్ర నీళ్లను, ఆ తర్వాత ఇంకో పది నిమిషాల నీళ్లను మొక్కలకో గచ్చుకో పోసెయ్యాలి. ఇక్కడే అందరం తప్పు చేస్తాం. మూడు రోజుల కరువు మీద ఉంటాం కాబట్టి మొదటి చుక్క నుంచీ సంపులోకి వదిలేస్తాం. అప్పుడు పైపులో ఉన్న మురికి వారం పాటు మన సంపులో కాపురం ఉంటుంది.

తాగే నీళ్లు కాచుకోవాలి. కాచడమంటే గిన్నె అడుగున బుడగలు లేచి ఆవిరి రావడం కాదు, సలసల మరగాలి. అలా మరిగాక ఇంకో నిమిషం ఉంచితే చాలు, సూక్ష్మజీవుల పని అయిపోతుంది. అరగంట మరిగించి గ్యాసు తగలేసుకోనక్కర్లేదు. నీళ్లలో నలకలుంటే ముందు శుభ్రమైన బట్టతో వడగట్టుకోవాలి. మరిగిన గిన్నె మీదే మూత పెట్టి చల్లారనివ్వాలి. తీసుకోవడానికి కాడ ఉన్న గరిటె వాడాలి. మా అత్తగారి హయాంలో మంచినీళ్ల బిందెలో చెయ్యి పెడితే చేతి మీద ఒకటి పడేది. అప్పట్లో అది చాదస్తమనుకునేదాన్ని.

తాగడం ఒక్కటే కాదు. పళ్లు తోముకుని పుక్కిలించే నీళ్లు, పచ్చడిలో పోసే నీళ్లు, మజ్జిగలో కలిపేవి, ఫ్రిజ్‌లో ఐసు ట్రేలో పోసేవి, పసివాళ్ల పాలసీసా కడిగేవి, పచ్చిగా తినే పళ్లూ కూరలూ కడిగేవి అన్నీ కాచినవే అయ్యుండాలి. నేను సపోటా దగ్గర దొరికిపోయాను. అన్నం, పప్పు ఎలాగూ ఉడుకుతాయి కాబట్టి వాటికి టెన్షన్ లేదు. నీళ్లలో డీజిలు వాసనో పురుగుమందు వాసనో వస్తే మాత్రం కాచినా లాభం లేదు. అలాంటి నీళ్లు నోటి దగ్గరికే రానివ్వకూడదు, వెంటనే మీకు ఫోను చెయ్యాలి.

మా ఇంట్లో ఫిల్టరు ఉందిగా అంటారు కొందరు. యూవీ ఫిల్టరైతే నీళ్లు మసగ్గా ఉన్నప్పుడు దాని వెలుతురు సరిగ్గా చొరదు. ఆర్‌ఓ అయినా, లోపలి కార్బన్ కాట్రిడ్జి క్లోరిన్‌ని తీసేస్తుంది కాబట్టి దాని ట్యాంకులో నిలవున్న నీళ్లకి రక్షణ ఏమీ ఉండదు. మురుగు నీళ్లు ఒకసారి ఫిల్టరులోకి వెళ్లాయనుకుంటే కాట్రిడ్జిలు మార్చి, ట్యాంకు కడిగించే దాకా దాన్నీ నమ్మొద్దు.

సంపులోకి ఆ నీళ్లు వెళ్లిపోయి ఉంటే ఖాళీ చేసి, గోడలు తోమి, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగాలి. కొత్త నీళ్లు పట్టాక, తాజా బ్లీచింగ్ పౌడరులో మూడో వంతు క్లోరిన్ ఉంటుందనుకుంటే, 1000 లీటర్లకు 3 గ్రాములు వేస్తే లీటరుకి సుమారు ఒక మిల్లీగ్రాము పడుతుంది. పౌడరును బకెట్టు నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైనున్న తేట మాత్రమే సంపులో పోసి అరగంట ఆగాలి. మూతి విప్పిన సంచిలో ఆరు నెలలుగా పడున్న పౌడరులో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, అది గోడకి సున్నంగా కొట్టుకోవడానికే పనికొస్తుంది.

ఇవన్నీ చెయ్యగలం. చెయ్యాల్సిన రోజు ఏదో తెలిస్తేనే.

మా అమ్మాయి అమెరికాలో హ్యూస్టన్‌లో ఉంటుంది. 2022 నవంబరు 27, ఆదివారం పొద్దున్న అక్కడి నీటి శుద్ధి కేంద్రంలో కరెంటు పోయింది. పైపు కూడా పగల్లేదు, ఒత్తిడి మాత్రం పడిపోయింది. అది 20 పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే లెక్క) కంటే తగ్గితే జనానికి చెప్పి తీరాలని ఆ రాష్ట్రంలో రూలు ఉంది. ఆ సాయంత్రం 20 లక్షల మందికి పైగా జనానికి, నీళ్లు కాచుకుని తాగండని కబురు వెళ్లింది. మర్నాడు స్కూళ్లకి సెలవు. నమూనాలు ల్యాబుకి పంపి, బాగున్నాయని తేలాక మంగళవారం పొద్దున్న, ఇక మామూలుగా వాడుకోవచ్చని ఇంకో కబురు. పొద్దున్న జరిగింది సాయంత్రం దాకా చెప్పలేదేమని అక్కడి జనం తిట్టిపోశారు కూడా. మా అమ్మాయి ఫోన్లో ఈ సంగతి విసుక్కుంటూ చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. కబురు ఆలస్యమైందని కోప్పడే అదృష్టం మాకింకా పట్టలేదు.

వాళ్లకి డబ్బుంది, యంత్రాలున్నాయి అంటారేమో. మనకేం తక్కువ? నీటి పన్ను బకాయి ఉంటే మీ ఆఫీసు నుంచి నా ఫోనుకి మెసేజి వస్తోంది. పోయిన మార్చిలో మూడుసార్లు వచ్చింది. అంటే నా నంబరు మీ దగ్గర ఉంది, నా కనెక్షను ఏ వీధిలో ఉందో కూడా ఉంది. వాల్వు కట్టగానే అదే దారిలో ఒక్క వాక్యం పంపండి: "మీ వీధిలో పైపు పగిలింది, మళ్లీ చెప్పేదాకా నీళ్లు కాచి తాగండి." ఫోను చూసుకోని ముసలివాళ్ల కోసం చెత్త బండి ఉంది. రోజూ పొద్దున్నే పాట పెట్టుకుని ప్రతి గుమ్మం ముందుకీ వస్తుంది. ఆ మైకులో పాట బదులు రెండు రోజులు ఈ మాట వినిపించండి. గోతి దగ్గర ఒక అట్టముక్క కట్టండి. దీనికి టెండరు పిలవాలా?

రిపేరు అయ్యాక పైపులోని మురికి నీళ్లను వదిలి, లైను కడిగి, క్లోరిన్ మోతాదు పెంచి పంపాలని మీ ఇంజనీర్లకు నేను చెప్పనక్కర్లేదు. చివరింటి దగ్గర ఒకరు గాజు గొట్టం పట్టుకుని నిలబడాలి. సూక్ష్మజీవుల పరీక్షకి ఒక రోజు పడుతుంది, పట్టనివ్వండి. ఆ ఒక్క రోజు మేం కాచుకుంటాం. ఫలితం వచ్చాక రెండో మెసేజి పంపండి. ఆ రెండోది మొదటిదాని కంటే ముఖ్యం. అది రాకపోతే జనం మూడో రోజుకి విసిగి మానేస్తారు, ఆ తర్వాత మీరేం చెప్పినా వినరు.

ఆ ఫిట్టరుకి గ్లవుసులు, బూట్లు, గోతిలో నీళ్లు తోడటానికి ఒక పంపు ఇవ్వండి. గోతిలో మురుగు పైపు మట్టం కంటే కిందికి దిగాక పని మొదలుపెడితే అతనికీ మంచిది, మాకూ మంచిది. చీకట్లో, సెల్‌ఫోను లైటు వెలుగులో మురుగులో మునిగి బిగించిన అతుకు లోపల ఏం మిగిలిపోయిందో పాపం అతనికి మాత్రం ఏం తెలుస్తుంది?

టెస్టు కిట్టు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. రోజూ పొద్దున్న ఆరున్నరకి కుళాయి దగ్గర ఒక గొట్టం పట్టి చూసి, క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాస్తున్నాను. మొదటి మూడు రోజులూ సున్నాలే. నాలుగో రోజు లేత పసుపు తిరిగింది. ఇప్పుడు 0.2 దగ్గర అటూ ఇటూగా ఉంటోంది. ఎదురింటి ఆవిడ కూడా రోజూ వచ్చి, ఇవాళ రంగొచ్చిందా అని అడిగి వెళుతోంది.

మీ దగ్గర కూడా రోజువారీ క్లోరిన్ రిజిస్టరు ఉంటుంది. సరఫరా మళ్లీ మొదలైన ఆ రోజు, మా వీధి కొస కుళాయి ఎదురుగా ఆ రిజిస్టరులో ఏ అంకె రాశారో నాకు చెప్పండి. ఏమీ రాయలేదంటే ఆ మాటే చెప్పండి.

ఇట్లు,
రామాలయం వీధి చివరింటి నుంచి
ఒక రిటైర్డు సైన్సు టీచరు